విస్తరి వేసిన చోటే వడ్డన: సహజ సరస్సుల్లో ఫీడర్ గాలం లెక్క

బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ గాలం వేసేవాళ్ళ నోట 'సిల్వర్స్' అనే మాట తరచూ వినిపిస్తుంది. అది ఒక చేప పేరు కాదు. రోచ్, రడ్, ఇంకా పూర్తిగా ఎదగని బ్రీమ్, వీటికి పుట్టిన సంకర చేపలు, ఇలా వెండి పొలుసుతో మెరిసే మంచినీటి చేపలన్నిటినీ కలిపి అలా పిలుస్తారు. చిన్న బ్రీమ్‌కు స్కిమ్మర్ అని విడిగా పేరుంది. పెరిగేకొద్దీ దాని వెండి రంగు పోయి కంచు రంగుకు తిరుగుతుంది, అప్పుడు బ్రీమ్ అనే అంటారు. ఇవన్నీ మన బొచ్చెకూ శీలావతికీ దూరపు చుట్టాలు. ఈ చుట్టరికం ఊరికే చెప్పింది కాదు, కాసేపట్లో పనికొస్తుంది.

ఈ చేపల్ని ఒడ్డుకు దూరంగా, లోతులో పట్టడానికి అక్కడివాళ్ళు వాడేది ఫీడర్. తీగతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న బుట్ట, దానికి ఒక పక్క బరువు. బుట్టలో తడిపిన మేత పిండి కూరి, కొక్కేనికి ఎర గుచ్చి, రెండింటినీ ఒకేసారి విసురుతారు. బుట్ట అడుగుకు చేరాక పిండి విడిపోయి చిన్న కుప్పగా పడుతుంది, ఆ కుప్ప పక్కనే ఎర ఉంటుంది. బెండు ఉండదు. కర్ర చివర సన్నగా, మెత్తగా వంగే కొన ఒకటి బిగించి ఉంటుంది. చేప కబురు ఆ కొన కదలికలోనే తెలుస్తుంది.

బెండుతో అందని దూరం ఫీడర్‌తో అందుతుంది కాబట్టి చాలామంది దాన్ని దూరం విసిరే సాధనంగానే చూస్తారు. అంత శక్తి ఉంది కదా అని కనపడినంత దూరం విసిరేస్తారు, చేప తగలకపోతే సరస్సును తిట్టుకుంటారు. దూరం అందులో ఒక చిన్న సౌకర్యం మాత్రమే. సహజ సరస్సులో ఫీడర్ చేసే అసలు పని మేతను కొలవడం. ఏ చోట, గంటకు ఎంత మేత పడాలో అది మనిషి చేతిలో పెడుతుంది. బుట్ట ఎంత పెద్దది, పిండి ఎంత తడిగా ఉండాలి, కొక్కెం దారం (బుట్టకూ కొక్కేనికీ మధ్య ఉండే దారం) ఎంత పొడవు, ఎన్ని నిమిషాలకోసారి విసరాలి అనే ప్రశ్నలన్నీ ఈ కొలత నుంచే పుడతాయి.

చెరువుకు కట్ట ఉంది, సరస్సుకు లేదు

తెలుగు నేల మీద చెరువు ఎరిగినవాళ్ళకు లోతు ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కట్ట దగ్గర, తూము దగ్గర లోతు, పైకి పోయేకొద్దీ శిఖం భూమి. మనిషి కట్టింది కాబట్టి మనిషికి తెలుసు. ఇంగ్లండ్‌లో డబ్బు తీసుకుని చేపలు పట్టనిచ్చే తవ్విన కుంటలూ అంతే. అడుగు దాదాపు సమంగా ఉంటుంది, కార్ప్ చేపల్ని కిక్కిరిసేలా వదిలి ఉంటారు. అక్కడ మేత ఎక్కడ వేసినా ఏదో ఒక చేప దాన్ని వెతుక్కుంటూ వస్తుంది.

మంచుయుగంలో హిమానీనదాలు కరిగిపోతూ వదిలేసిన సరస్సుల సంగతి వేరు. ఇంగ్లండ్ పడమటి వైపు ష్రాప్‌షైర్, చెషైర్ ప్రాంతాల్లో 'మియర్' అని పిలిచే సరస్సులున్నాయి. ఎల్స్‌మియర్ ఊరి పక్కనున్నది ష్రాప్‌షైర్ మియర్లలో అన్నిటికంటే పెద్దది. దాని చుట్టుపక్కలే కోల్‌మియర్, బ్లేక్‌మియర్, వైట్‌మియర్ ఉన్నాయి. మంచుగడ్డలు మట్టిలో కూరుకుపోయి, తర్వాత కరిగి, గుంటలై నీరు నిండినవి ఇవి. ఐర్లండ్ ఉత్తర భాగంలో ఫెర్మానా, మొనాహన్, కావన్ కౌంటీల్లో సరస్సును 'లాఖ్' అంటారు. లాఖ్ ఎర్న్ నిజానికి ఒకే నది మీద ఉన్న రెండు సరస్సులు, వాటి మధ్య ఎనిస్కిలన్ పట్టణం. ఎగువ ఎర్న్ దీవులతో, పాయలతో చిక్కుపడిన లోతు తక్కువ నీరు. దిగువ ఎర్న్‌లో కొన్నిచోట్ల లోతు 60 మీటర్లు దాటుతుంది. కాసిల్‌బ్లేనీ పక్కనున్న లాఖ్ మక్నో కూడా రోచ్‌కు, బ్రీమ్‌కు, ఆ రెండింటి సంకరానికి పేరు పడ్డ నీరు.

(తూర్పున నార్ఫక్‌లోని 'బ్రాడ్స్' కూడా చూడ్డానికి సహజంగానే ఉంటాయి. కానీ అవి మధ్యయుగంలో వంటచెరకు కోసం పీట్ మట్టి తవ్వగా ఏర్పడిన గోతులని 20వ శతాబ్దం మధ్యలో పరిశోధకులు తేల్చారు. అందుకే వాటిని ఈ లెక్కలోకి తేవడం లేదు.)

ఇలాంటి నీటిలో చేపలు గుంపులుగా తిరుగుతాయి. గుంపు లేని చోట ఎంత మంచి మేత వేసినా అది బురదలో కలిసిపోతుంది. కాబట్టి మొదటి పని విసరడం కాదు, కొలవడం. బుట్ట స్థానంలో ఒట్టి సీసపుగుండు లాంటి బరువు కట్టి, విసిరి, నీటిని తాకిన క్షణం నుంచి కర్ర కొన సడలే వరకు లెక్కపెడతారు. 20 మీటర్ల దూరంలో 4 అంకెలు, 30 మీటర్లకు 5, 35కు 9, 45కు మళ్ళీ 9 వచ్చిందనుకుందాం. 30కీ 35కీ మధ్య అడుగు ఒక్కసారిగా దిగిందన్నమాట. ఆ వాలు దిగిన చోట, మళ్ళీ సమం అయ్యే అంచున విస్తరి వేయాలి, అంటే మేత కుప్ప పడేలా చూడాలి. వాలు మీద వేస్తే బుట్టలోంచి పడిన మేత కిందకు జారుతుంది, చేపలు దాని వెంట చెదిరిపోతాయి. గుండును మెల్లగా లాగి చూస్తే అడుగు ఎలాంటిదో కూడా తెలుస్తుంది. మెత్తగా అంటుకుని వస్తే బురద, టకటకమని కొన అదిరితే గులకరాయి, బరువెక్కి ఒక్కసారి వదిలేస్తే నాచు.

ఇంకో పాత కిటుకు కూడా ఉంది. ఒడ్డు వెనక నేల ఎలా ఉందో చూడడం. మొనాహన్, కావన్‌లలో నేలంతా గుడ్డును బోర్లించినట్టుండే చిన్న గుట్టలు. హిమానీనదం మలిచినవే. ఒడ్డు మీద గుట్ట నిటారుగా నీటిలోకి దిగుతుంటే సాధారణంగా నీటి కింద కూడా అదే వాలు సాగుతుంది. పచ్చిక మైదానంలా పరుచుకుని ఉంటే లోతు కోసం చాలా దూరం పోవాలి.

వేసవిలో లోతు ఎందుకు మోసం చేస్తుంది

లోతున్న చోటే చేప ఉంటుందనే నమ్మకం శీతాకాలానికి చాలావరకు సరిపోతుంది. వేసవిలో అదే నమ్మకం రోజంతా వృథా చేస్తుంది. ఎండకు పైనీరు వేడెక్కి తేలికవుతుంది, అడుగు నీరు చల్లగా, బరువుగా కిందే ఉండిపోతుంది. లోతైన సరస్సుల్లో ఈ రెండు పొరలు నెలల తరబడి కలవవు. కింది పొరకు గాలి తగలదు, పైనుంచి రాలిపడిన నాచు, ఆకులు అక్కడ కుళ్ళుతూ ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తాయి. పోషకాలు ఎక్కువగా ఉన్న మియర్లలో ఇది మరీ బలంగా జరుగుతుంది. ఆగస్టులో అలాంటి నీటిలో లెక్క ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ ఫీడర్ వేస్తే, విస్తరి ఊపిరి ఆడని గదిలో వేసినట్టే. చేపలు ఆ పొరకు పైన, వాలు మధ్యలో ఎక్కడో ఉంటాయి. కాబట్టి వేసవిలో వెతకాల్సింది వాలు పైభాగం, 2 నుంచి 4 మీటర్ల లోతు ఉన్న అరుగులు.

మియర్లలో వేసవి చివర నీరు పచ్చగా మారి నాచు రేణువులు పైకి తేలుతాయి. స్థానికులు దీన్ని మియర్ 'విరగడం' అంటారు. బీరు కాచేటప్పుడు పాత్రలో తెట్టు తేలడానికి వాడే మాటనే సరస్సుకూ వాడారని చెబుతారు. నీరు విరిగిన రోజుల్లో వెండి చేపలు అడుగున మేతకు దిగడం బాగా తగ్గుతుంది. ఎంత తెలివిగా కొలిచినా ఆ రోజు తక్కువే దొరుకుతుందని ఒప్పుకోవడం మంచిది. మేత పెంచితే మాత్రం పరిస్థితి ఇంకా చెడుతుంది.

ఇక గాలి. ముఖానికి గాలి కొట్టే ఒడ్డు మంచిదని అందరూ చెబుతారు. వసంతం దాటాక వెచ్చటి గాలి వీస్తుంటే అది నిజమే. పైనీరు, దానితోపాటు సూక్ష్మ జీవులు ఆ ఒడ్డుకు చేరతాయి. మార్చిలో ఉత్తరం నుంచి వచ్చే చలిగాలికి మాత్రం ఈ సూత్రం తిరగబడుతుంది, అప్పుడు గాలి మరుగున్న ఒడ్డే మేలు. దీనికంటే తక్కువగా గుర్తించే విషయం ఇంకోటి ఉంది. గాలి పైనీటిని ఒక దిక్కుకు తోస్తుంటే, కింద నీరు ఎదురు దిక్కుకు మెల్లగా తిరిగి వెళుతుంది. పెద్ద సరస్సుల్లో ఈ కింది పారుదల తేలికపాటి మేతను కూడా కదిలించేంత ఉంటుంది. బుట్ట వాలిన చోటే ఉంటుంది, మెత్తటి నలుసులు మాత్రం గాలికి ఎదురుగా సాగిపోతాయి. చేపలు ఆ తోకలోకి చేరి తింటుంటాయి. అందుకే గాలి రోజు కొక్కెం దారం పొడుగ్గా, 75 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఉంచితే ఎర కూడా ఆ తోక వైపు వాలుతుంది.

కడుపు లేని చేప

మొదట చెప్పిన చుట్టరికం ఇక్కడ పనికొస్తుంది. బొచ్చె, శీలావతి, రోచ్, బ్రీమ్, వీటికెవరికీ మనకున్నట్టు జీర్ణాశయం ఉండదు. తిన్నది గొంతు దగ్గరి పళ్ళతో నలిగి నేరుగా పేగులోకి పోతుంది. ఒక్క పూట దిట్టంగా తిని రోజంతా దాచుకునే సంచి వాటికి లేదు కాబట్టి కొంచెం కొంచెంగా, మళ్ళీ మళ్ళీ తింటాయి. ఫీడర్‌తో కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా వేయమని పెద్దలు చెప్పే మాట వట్టి అలవాటు కాదు, ఆ చేప శరీరం అడిగేదే అది.

లెక్క వేసి చూద్దాం. మధ్యరకం తీగ బుట్టలో 40 గ్రాముల తడి పిండి పడుతుందనుకుంటే, 4 నిమిషాలకోసారి విసిరినప్పుడు గంటకు 15 బుట్టలు, 600 గ్రాములు. ఐదు గంటల పోటీలో అది 3 కిలోలు. అదే బుట్టను 10 నిమిషాలకోసారి విసిరితే గంటకు 240 గ్రాములు, మొత్తం 1.2 కిలోలు. బుట్ట మార్చకుండా, పిండి మార్చకుండా, గడియారం మార్చి మేతను రెండున్నర రెట్లు తేడా చేయొచ్చు.

అయితే బరువు ఒక్కటే చూస్తే లెక్క సగమే. ప్రతి బుట్టలోనూ పిండితో పాటు పది ఈగపురుగులు పెట్టారనుకోండి. గంటకు 15 బుట్టలంటే అడుగున 150 పురుగులు. వాటి మధ్య కొక్కేనికి గుచ్చింది ఒకటో రెండో. నాలుగైదు చేపలున్న చోట 150 పురుగులు పడి ఉంటే కొక్కెం వైపు రావలసిన అవసరం వాటికి లేదు. నలభై చేపల గుంపు దిగితే అదే 150 చాలవు, ఆకలితో పోటీ పడి కొక్కెం మీది ఎరను వెతికి మరీ నోట పెట్టుకుంటాయి. ఫీడర్ విద్య అంతా ఈ రెండు స్థితుల మధ్య ఎక్కడున్నామో గుర్తించడంలోనే ఉంది. చేపలు తక్కువగా ఉన్నాయనిపిస్తే పిండి అలాగే ఉంచి పురుగుల్ని తగ్గించాలి. పిండి వాసన, నలుసులు చేపల్ని పిలుస్తాయి, కానీ కడుపు నింపవు. గుంపు వచ్చిందని కొన చెబితే అప్పుడు తినే సరుకు పెంచాలి.

మొదట్లో ఎంత వేయాలన్న దానిపై రెండు బడులున్నాయి. ఎర్న్, మక్నో లాంటి పెద్ద నీటిలో స్కిమ్మర్ల గుంపు వందల్లో ఉండొచ్చు కాబట్టి కొక్కెం లేకుండానే 8, 10 పెద్ద బుట్టలు మొదటి పావుగంటలోనే దింపేస్తారు. చిన్న మియర్‌లో, చల్లటి నీటిలో అలా చేస్తే తర్వాత వెనక్కి తీసుకునే దారి లేదు. వేసిన మేతను ఎవరూ ఏరలేరు. సందేహముంటే మూడు బుట్టలతో మొదలుపెట్టడమే సరైనది. తక్కువ వేసిన తప్పును అరగంటలో దిద్దుకోవచ్చు, ఎక్కువ వేసిన తప్పు సాయంత్రం దాకా వెంటాడుతుంది.

ఒక్క బుట్ట ప్రయాణం

ఈ లెక్కలన్నీ నిలబడాలంటే ప్రతి బుట్టా ఒకే చోట పడాలి. 40 మీటర్ల దూరంలో మూడు మీటర్లు అటూ ఇటూ అయితే ఒక విస్తరి బదులు ఇరవై విస్తళ్ళు అవుతాయి, ప్రతిదాంట్లో రెండు మెతుకులు. అందుకే రీలు గిన్నె పక్కనున్న చిన్న క్లిప్పులో లైను ఇరికిస్తారు. ముందుగా ఒడ్డు మీద 4 మీటర్ల ఎడంతో రెండు పుల్లలు పాతి, ఒకదాని నుంచి ఇంకోదానికి లైను పదిసార్లు లాగితే 40 మీటర్లు. పదోసారి పుల్ల చేరిన దగ్గర క్లిప్పు. అవతలి ఒడ్డున కదలని గుర్తు ఒకటి చూసుకోవాలి, చెట్టో, కొట్టం కప్పు కొసో. పడవనో మేఘాన్నో గుర్తు పెట్టుకున్నవాళ్ళు లేకపోలేదు.

పిండిని బుట్టలో కూరడంలో వేలి బరువు ముఖ్యం. రెండు చివర్లా బొటనవేలితో ఒక్కసారి నొక్కితే చాలు. లోతు రెండు మీటర్లే అయితే ఇంకా వదులుగా ఉండొచ్చు. ఏడెనిమిది మీటర్లైతే గట్టిగా నొక్కాలి, లేదంటే బుట్ట దిగుతుండగానే పిండి దారిలో రాలి, రోచ్‌లు నీటి మధ్యకు లేస్తాయి, అడుగున విస్తరి ఖాళీ.

కర్ర తల మీదుగా వస్తుంది, బుట్ట గుర్తు వైపు పోతుంది. క్లిప్పు పట్టే ముందు కర్రను నిటారుగా ఎత్తి ముందుకు వంచుతూ ఆ కుదుపును మింగాలి. అలా చేయకపోతే బుట్ట వెనక్కి ఎగిరి రెండు మీటర్లు దగ్గరగా పడుతుంది, లేదా లైను తెగుతుంది. బుట్ట నీటిని తాకగానే లైను బిగువుగా పట్టుకుని లెక్క మొదలు. ఒకటి, రెండు, మూడు... ఏడు దగ్గర కొన ఒక్కసారి సడలుతుంది. బుట్ట దిగింది. కర్రను రెండు ఆనుపుల మీద పెట్టి, కొన కొద్దిగా, వడ్లు పండిన కంకి వంగినంత వంగేలా రీలు తిప్పాలి. అక్కడితో చేతులు కర్ర వదిలి మోకాళ్ళ మీదకు రావాలి. ఇది చాలామందికి కష్టం. రీలు అరచుట్టు తిప్పినా బుట్ట కదిలి కుప్ప మీద నుంచి ఎర జారిపోతుంది.

ఇప్పుడు కొన భాష. రోచ్ పట్టినప్పుడు కొన టకటకమని రెండు మూడుసార్లు వణుకుతుంది. ఆ వణుకు అయిపోయే లోపే పైకి లేపాలి. ఆలస్యంగా లేపితే ఖాళీ. కొక్కెం మీది పురుగును దగ్గరగా చూడండి, తోలు మిగిలి లోపలి పాలు పోయి ఉంటుంది. గొంతు పళ్ళతో పిండి వదిలేసిందన్నమాట. అలాంటి తోలు వరుసగా మూడుసార్లు వస్తే కొక్కెం దారం మారిస్తే మంచిది, మీటరు ఉంటే 50 సెంటీమీటర్లకు కుదించాలి. దారం కురచైతే చేప తల ఎత్తగానే బుట్ట బరువు తగులుతుంది, ఉమ్మేసే వ్యవధి దొరకదు. స్కిమ్మర్ తీరు ఇంకోలా ఉంటుంది. అది తల కిందికి, తోక పైకి పెట్టి, గొట్టంలా ముందుకు సాగే నోటితో ఎర పీల్చుకుని నెమ్మదిగా లేస్తుంది. కొన మెల్లగా ఒక పక్కకు సాగి అలాగే ఆగిపోతుంది. ఒక్కోసారి ఒడ్డు వైపు ఈదుతుంది, అప్పుడు వంగి ఉన్న కొన తిన్నగా అయిపోతుంది. కొన సడలడం కూడా పట్టే. బుట్ట జరిగిందేమో అనుకుని వదిలేసేవాళ్ళు ఎన్నో మంచి చేపల్ని పోగొట్టుకుంటారు.

మూడో రకం కదలిక కూడా ఉంది, అది అబద్ధం. కొన గట్టిగా ఊగి వెంటనే మొదటి చోటికి వస్తుంది. చేప లైనుకు ఒళ్ళు రాసుకుని పోయింది. అలా తరచూ జరుగుతుంటే చేపలు బుట్టకు ఇవతలే, లేదా నీటి మధ్యలో ఉన్నట్టు. లేపాలనే ఆత్రం అణుచుకుని, తర్వాతి విసురు రెండు మూడు మీటర్లు దగ్గరకు తెచ్చి చూడాలి.

రోచ్‌కు ఒక వడ్డన, స్కిమ్మర్‌కు ఇంకొకటి

ఈ రెండు చేపలూ ఒకే నీటిలో ఉన్నా ఒకే పంక్తిలో కూర్చోవు. స్కిమ్మర్‌కు అడుగున నిలకడగా ఉన్న మేత కావాలి. చేపపొడి కలిసిన బరువైన పిండి, తరిగిన వానపాములు, చల్లటి పెట్టెలో గడ్డకట్టించి చంపిన ఈగపురుగులు దానికి ఇష్టం. బతికున్న పురుగులు మెత్తటి బురదలోకి దూరిపోతాయి, చచ్చినవి వేసిన చోటే ఉంటాయి. రోచ్ మాత్రం దిగుతున్న మేతను చూసి లేస్తుంది. దానికి రొట్టె పొడితో చేసిన తేలిక పిండి, ముదురు రంగుది, అందులో కాస్టర్లు. కాస్టర్ అంటే ఈగపురుగు గూడు కట్టుకున్న దశ. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. గూడు అప్పుడే కట్టి లేత గోధుమ రంగులో ఉన్నప్పుడు కాస్టర్ మునుగుతుంది. ముదిరి నల్లబడితే లోపల గాలి చేరి తేలుతుంది. తేలేవి మేతలో కలిస్తే పైకి లేచి చేపల్ని కూడా పైకి తీసుకుపోతాయి. అందుకే ముందురోజు రాత్రే నీళ్ళలో వేసి తేలినవి ఏరి పారేస్తారు.

పిండి రంగు గురించి కొంత అతి కూడా జరుగుతుంది, కానీ ఒక కారణం మాత్రం గట్టిది. తేట నీటిలో, నల్లటి అడుగు మీద లేత రంగు పిండి పరిస్తే దాని పైకి వచ్చిన చేప నీడబొమ్మలా కనబడుతుంది. పైక్ లాంటి వేట చేపలు తిరిగే నీటిలో రోచ్‌కు ఆ సంగతి తెలుసు. నల్లటి పిండి మీద అది ధైర్యంగా నిలుస్తుంది.

ఈ తేట నీటి సమస్య ఎర్న్‌లో ఒక తరం కళ్ళ ముందే పెరిగింది. అసలు రోచ్ ఐర్లండ్‌కు సొంత చేప కాదు. 1889లో పైక్ వేటకు ఎరగా ఇంగ్లండ్ నుంచి తెచ్చిన చేపలు దక్షిణాన మన్‌స్టర్ బ్లాక్‌వాటర్ నదిలోకి తప్పించుకున్నాయి. తర్వాత మనుషుల చేతుల మీదుగా ఇతర నదులకు పాకి, 20వ శతాబ్దం రెండో సగంలో ఎర్న్‌ను నింపేశాయి. మే నెలలో గుడ్లు పెట్టడానికి గుంపు కట్టే రోచ్‌ల కోసం ఎనిస్కిలన్ చుట్టుపక్కల పెద్ద పోటీలు జరిగేవి, సంచుల కొద్దీ దొరికేవి. 1990ల్లో ఇంకో అతిథి వచ్చింది, జీబ్రా మస్సెల్. గోరంత చారల ఆల్చిప్ప, పడవల అడుగుకు అంటుకుని వచ్చింది. ఒక్కో ఆల్చిప్ప నీటిని వడగట్టి అందులోని సూక్ష్మ నాచును తింటుంది. కోట్ల కొద్దీ ఆల్చిప్పలు వడగట్టేసరికి నీరు తేటపడింది, రోచ్ పిల్లలకు పునాది ఆహారమైన సూక్ష్మ జీవులు తగ్గాయి, రోచ్‌లూ తగ్గాయి.

గాలం వేసేవాళ్ళ పద్ధతి కూడా దాంతో మారక తప్పలేదు. ఒడ్డుకు 15 మీటర్లలో బెండుతో పట్టిన చేప తేట నీటిలో అంత దగ్గరకు రాదు. 35, 45 మీటర్ల దగ్గర ఫీడరే గతి. సన్నటి కొక్కెం దారం, చిన్న కొక్కెం, ఎండ ఎక్కువున్న మధ్యాహ్నం కంటే మబ్బు పట్టిన వేళ. పైగా ఆల్చిప్పల గుట్టలు కత్తిలా ఉంటాయి. సన్నటి లైను వాటిమీద రాసుకుంటే తెగుతుంది. అలాంటి చోట బుట్టకు ముందు కొన్ని మీటర్లు మందపు నైలాన్ కలపడం తప్పనిసరి.

అల్లిన లైనా, నైలానా అన్న వాదన ఇక్కడే తేల్చుకోవచ్చు. అల్లిన లైను సాగదు. 50 మీటర్ల అవతల రోచ్ వణుకు కూడా చేతికి తెలుస్తుంది. నైలాన్ సాగుతుంది, అంత దూరంలో చిన్న కబుర్లు దారిలోనే పోతాయి. కానీ స్కిమ్మర్ పెదవి పల్చన, సాగని లైనుతో లాగితే కొక్కెం ఊడి వస్తుంది. 30 మీటర్ల లోపు నైలానే వాడాలి. అంతకు మించితే అల్లినది వాడి, కొస దగ్గర నైలాన్ కలిపి, కర్ర కొన మెత్తది ఎంచుకోవాలి. ఇందులో అంతకంటే రహస్యం లేదు.

క్లిప్పు గురించి ఒక హెచ్చరిక. పెద్ద బ్రీమో టెంచో పడి అవతలికి పరిగెడితే, లైను క్లిప్పులో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి తెగిపోతుంది, చేప నోట్లో కొక్కెంతో మిగులుతుంది. బుట్ట దిగాక లైనును క్లిప్పు నుంచి తీసి, దాని బదులు ఒక రబ్బరు బ్యాండును లైను మీద చుట్టి గుర్తుగా ఉంచుకునేవాళ్ళు ఉన్నారు. రెండు నిమిషాల పని, చేప మీద దయ ఉన్నవాళ్ళు చేయాల్సిన పని.

నియమాలు చోటును బట్టి మారతాయి. ఇంగ్లండ్‌లో 13 ఏళ్ళు నిండినవాళ్ళందరికీ లైసెన్సు ఉండాలి. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో గాలం నిషేధం, కొన్ని రక్షిత సరస్సులకు కూడా అది వర్తిస్తుంది. ఐర్లండ్ రిపబ్లిక్‌లో ఇలాంటి చేపల్ని రోజుకు నాలుగుకు మించి ఉంచుకోకూడదు, వాటిలో 25 సెంటీమీటర్లు దాటినవి అసలు ఉంచుకోకూడదు. బతికున్న చేపను ఎరగా వాడడం కూడా నిషేధమే. 1889 నాటి కథ తెలిసినవాళ్ళకు ఈ చివరి నియమం ఎందుకో విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు ఒకటి గమనించాలి, పట్టిన చేపను వండుకోవడం ఈ నీళ్ళ ఆనవాయితీ కాదు. తూకం వేసి తిరిగి వదలడమే పద్ధతి.

రెండు గంటలు బాగా నడిచాక కొన ఒక్కసారిగా మూగబోయే సమయం ప్రతి రోజూ వస్తుంది. అప్పుడు మేత పెంచాలనే ఆత్రం పుడుతుంది. సాధారణంగా జరిగేది ఏమిటంటే, గుంపు ఆ కుప్ప మీద నుంచి కొంచెం వెనక్కి, నాలుగైదు మీటర్లు అవతలికి జరిగి ఉంటుంది. పట్టిన ప్రతి చేపా మిగిలినవాటిని బెదిరిస్తుంది మరి. క్లిప్పు తీసి, రీలు నుంచి నాలుగు మీటర్ల లైను వదిలి, మళ్ళీ క్లిప్పు పెట్టి, ఈసారి సగం నింపిన చిన్న బుట్టను పాత విస్తరి అంచుకు అవతల వేయాలి. పది నిమిషాలు ఎదురుచూడాలి, మధ్యలో కదపకూడదు. అక్కడ రెండు మూడు చేపలు పడితే అదే వరసలో కొనసాగించి, అరగంటకోసారి ఒక్క బుట్ట పాత చోట వేసి చూస్తుండాలి. వెలుతురు తగ్గే వేళ పెద్ద స్కిమ్మర్లు చాలాసార్లు ఆ పాత కుప్ప దగ్గరికే తిరిగి వస్తాయి.